తాళాల సిస్టర్ రాసిన ఉత్తరం

పొలాల మధ్య ఉన్న మా మఠం బడిలో పిల్లలకు చెవులు వినపడవు. అందుకే మనుషులకు పేర్లు వాళ్లే చేతులతో పెట్టుకుంటారు. నడుముకు తాళాలగుత్తి వేలాడే పెద్ద సిస్టర్ పేరు, గాల్లో తాళం తిప్పడం. వంటిల్లు చూసే నా పేరు, పొట్ట మీద గుండ్రంగా చెయ్యి తిప్పడం. ఎందుకో చెప్పక్కర్లేదు.

తాళాల సిస్టర్ పంతొమ్మిదేళ్లుగా పిల్లల పడకగది చూస్తోంది. గంట కొడితే లేచే పిల్లలు కారు కదా, నలభై మందినీ ఒక్కొక్కరి పాదం తట్టి లేపుతుంది. అందరూ ఒక ఎత్తు, ఆరేళ్ల బుజ్జిది ఒక్కతే ఒక ఎత్తు. రెండేళ్ల కిందట వచ్చిన కొత్తలో ఎవరినీ దగ్గరికి రానివ్వని ఆ పిల్లను ఈమే మచ్చిక చేసుకుంది.

ఈ ఏడాది బడి తెరిచిన రోజున కొత్త సిస్టర్ వచ్చింది. బుగ్గ మీద సొట్ట, పిల్లలు పెట్టిన పేరూ అదే. ఆమెకూ పుట్టుకతోనే చెవుడు. గంట తిరక్కుండానే పిల్లలు బెల్లానికి ఈగల్లా మూగారు. ఆమె వేళ్ల వేగం ముందు మా చేతులది నత్తనడక.

తాళాల సిస్టర్‌కు ఒళ్లు మండింది. నాకూ కాస్త మండింది, అబద్ధమెందుకు. నేను ఆ మంట గిన్నెల మీద చూపించి ఊరుకున్నాను. ఆమె ఊరుకోలేదు.

"నిన్న నా పిల్ల నన్ను చూసి కూడా వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని తింది. పెంచింది నేను, ముద్దులు ఆవిడకా?"

"ఆవిడ వాళ్లలో మనిషి కదా సిస్టర్."

"అయితే నేను పరాయిదాన్నా?"

ఆ పూటే మా మఠాలన్నిటికీ పెద్ద అయిన మదర్‌కు ఉత్తరం రాసింది. నిప్పంటుకున్నా కొత్త సిస్టర్‌కు కేకలు వినపడవు, పిల్లలకు ప్రమాదం, వేరే చోటికి పంపెయ్యండి అని. మదర్ తాళాల సిస్టర్ మాట కాదనరు. ఉత్తరం చేరితే సొట్టబుగ్గ పెట్టె సర్దుకోవలసిందే.

కవరు అంటించి తాళాల సిస్టర్ వంటింట్లో నా దగ్గర కూర్చుని ఉండగా బుజ్జిది వచ్చి చేతులు ఆడించింది.

"సొట్టబుగ్గకి వినపడదు కదా. మరి పెద్దదెలా అయింది?"

"అందరూ పెద్దవుతారు," అంది తాళాల సిస్టర్ తన నెమ్మది చేతులతో.

"మేము కూడానా? మేం చిన్నప్పుడే చచ్చిపోతామనుకున్నా. మాలాంటి పెద్దవాళ్లు ఒక్కరూ కనపళ్లేదుగా."

"ఎప్పట్నుంచి అనుకుంటున్నావ్?"

"వచ్చినప్పట్నుంచి."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"నీకు వినపడుతుందిగా. నువ్వు చచ్చిపోవు."

అనేసి గెంతుకుంటూ వెళ్లిపోయింది. తాళాల సిస్టర్ కవరు చించి, కాగితం అడిగి, అక్కడే ఇంకో ఉత్తరం రాసింది. కొత్త సిస్టర్‌లా చెవులు వినపడని సిస్టర్‌నే ఇంకొకరిని పంపండి, పడకగదికి అని.

"పడకగదికా? మరి మీరో?" అన్నాను.

"అదీ రాశాను. ఎక్కడికి పంపితే అక్కడికి."

కుళ్లు పోయిందా అంటే, ఎక్కడ పోయింది? కళ్లు తుడుచుకుంటూనే గయ్‌మంది.

"ఆ వచ్చేదెవరో వచ్చేదాకా నా పిల్ల జడ మాత్రం నేనే వేస్తా. ఆ సొట్టబుగ్గ వంకరగా వేస్తోంది."