దొంగచాటుగా వేసిన మాత్రలు

మా అమ్మాయికి పద్నాలుగో ఏట ఫిట్స్ మొదలయ్యాయి. స్కూలు హాస్టల్లో రెండుసార్లు పడిపోతే, తగ్గాక తీసుకురమ్మని ఇంటికి పంపేశారు. ఘాట్ దిగి విశాఖలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అక్కడ డాక్టరమ్మ మాత్రలు రాసి రెండు ముక్కలు చెప్పింది. ఒక్క పూట కూడా మానకూడదు. ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం ఆపేసి వెంటనే రావాలి.

మొదటి ముక్క నాకు బాగా పట్టింది. నేను అంగన్‌వాడీ టీచర్ని. ఐరన్ మాత్రలు మింగని బాలింతల్ని చింతపల్లి కొండల్లో ఇల్లిల్లూ తిరిగి తిట్టే మనిషిని. రెండో ముక్క నా బుర్రలోంచి ఎలా జారిపోయిందో ఎంత ఆలోచించినా అంతు చిక్కదు.

నెలరోజులు పిల్ల పడలేదు. హాస్టల్‌కి వెళ్తానని బట్టలు కూడా సర్దుకుంది. అప్పుడు మెడ కింద ఎర్రగా పొక్కింది. కాఫీ పళ్ళు కోసే రోజులు కదా, తోటలో గొంగళిపురుగు పాకిందనుకుని పసుపు రాశాను. మర్నాటికి ఛాతీ, చేతులు నిండిపోయాయి. జ్వరం కూడా వచ్చింది.

మా అత్త చూసి చెంపలేసుకుంది.

"అమ్మోరొచ్చినాది. తల్లి ఎల్లిందాకా మందూ మాకూ ముట్టించకు" అంది. గుమ్మానికి వేపమండలు కట్టి, వంటలో పోపు మానేసి, మాత్రల డబ్బా అటకమీద పెట్టేసింది.

నాకు మహా చిరాకేసింది. అత్త నీళ్ళకి వెళ్ళగానే అటకెక్కాను.

"మామ్మ వద్దంది కదమ్మా" అంది పిల్ల.

"మామ్మకేటి తెలుసు? మింగు" అన్నాను.

ఆ సాయంత్రం ఒకటి, మర్నాడు పూటకొకటి చొప్పున రెండు. అత్త చాదస్తం మీద గెలిచానని లోలోపల సంబరపడ్డాను కూడా. సిగ్గుగా ఉంది కానీ, అది నిజం.

మూడో రోజుకి పెదవులు పగిలాయి. నోటినిండా పుళ్ళు. గుక్కెడు నీళ్ళు మింగలేకపోయింది. జీపు మాట్లాడుకుని బయల్దేరితే అత్త కూడా వేపరెమ్మ పట్టుకుని ఎక్కింది.

"మాత్ర ఎప్పుడు ఆపారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"మంగళారం పొద్దున్నే ఆపీసినామమ్మా, అమ్మోరు కదా" అంది అత్త.

"ఇది అమ్మవారు కాదు. ఆ మాత్రే ఒంటికి పడలేదు. ఎందుకాపినా ఆపి మంచి పని చేశారు. ఇంకా వేస్తూంటే ప్రాణం మీదికొచ్చేది."

నేను నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. పిల్ల మాట్లాడే స్థితిలో లేదు. నాకేసి చూస్తోందంతే.

"నేను వేశాను. ఆపాక కూడా మూడు వేశాను, అత్తకి తెలీకుండా" అన్నాను.

డాక్టరమ్మ తిట్టలేదు. వెంటనే వార్డులో చేర్పించింది. రెండు వారాలు ఉన్నాం. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, అదేనేమో నా సంగతి. ఒకరోజు వరండాలో అత్త పక్కన కూర్చుని, నన్ను తిట్టమన్నాను.

"ఏటని తిట్టమంతావు? మాత్ర సెడ్డదని తెలిసి ఆపినానా నాను? అమ్మోరనుకుని ఆపినాను. రేపు మంచి మాత్రైనా అలాగే ఆపీసేద్దును" అంది.

దాంతో నాకు మరీ అయోమయమైపోయింది. తెలిసినదాన్ని నేను, పిల్లని చంపబోయాను. తెలియని ఆవిడ కాపాడింది. ఇక రేపు బాలింతలకి నేనేం చెప్పాలి?

ఇంటికి పంపేటప్పుడు వేరే మాత్ర రాశారు. ఆ సాయంత్రం మాత్ర నా అరచేతిలో ఉంది. వేస్తే మళ్ళీ దద్దుర్లేమో. మానితే ఫిట్సేమో. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. నేను అత్తకేసి చూశాను. అత్త నాకేసి చూసింది.

పిల్ల చెయ్యి చాపింది. ఇంకా పొట్టు రాలుతున్న చెయ్యి.

"ఇలాగియ్యండి. పడిపోయేది నాను కదా" అంది.