దేవమణి టీచరుకిచ్చిన ఏడు నిమిషాలు

తెలుగు నేలకు దూరంగా, న్యూ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలోని ఒక బడిలో దేవమణి ఇరవై ఆరేళ్లుగా తెలుగు చెబుతోంది. ఆమె చేరిననాడు తరగతికి నలభై మంది ఉండేవారు. ఇప్పుడు తెలుగు విభాగం మొత్తానికి పదకొండు మందే. ఆ విభాగం ఉండాలా వద్దా తేల్చడానికి బడి కమిటీ ఆన్‌లైన్‌లో సమావేశం పెట్టి, ఆమెకు ఏడు నిమిషాలిచ్చింది.

కమిటీలో ఎవరికీ తెలుగు రాదు. అయినా పిల్లల గొంతులు వింటే మనసు మెత్తబడుతుందేమోనని ఆమె ఆశ. పదకొండు మందితోనూ మాట్లాడించి వీడియో తీసింది. నత్తి ఉన్న జాయ్ అనే పిల్ల మూడు వారాలు సాధన చేసి, రైల్వే వర్క్‌షాపులో తాత చేసిన పని గురించి నాలుగు వాక్యాలు తడబడకుండా చెప్పింది.

ఆ మధ్యాహ్నం దేవమణి స్టాఫ్‌రూమ్‌లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ప్రెజెంటేషన్ షేర్ చేసింది. తెర నిండా వీడియోనే. జాయ్ చివరి మాట విన్నాక కళ్లు తుడుచుకుని, అయిపోయిందని చెప్పింది.

అధ్యక్షుడు హిందీలో అన్నాడు: "మేడమ్, బొమ్మ కదిలింది గానీ శబ్దమే రాలేదు. చాట్‌లో రాశాం, మీరు చూడలేదు."

ఆమె గబగబా వాల్యూమ్ పెంచింది. లాభం లేదు. అప్పుడే క్లాసు ముగించుకొచ్చిన ఇందు టీచరు తెరలోకి వంగి చూసింది.

"అక్కా, నీకు ఇనబడితే సాలదు. సేరింగ్ ఆపీసి మళ్లీ పెట్టు. పెట్టేముందు కింద సౌండ్ అని గడి ఉంటాది, దాంట్లో టిక్కు కొట్టాల."

దేవమణి అలాగే చేసింది. మొదటి పిల్లాడి గొంతు ఒక్క వాక్యం పలికింది.

"ఠీక్ హై మేడమ్, ఇప్పుడొస్తోంది. కానీ టైమ్ అయిపోయింది. మెయిల్ చేసేయండి" అన్నాడు అధ్యక్షుడు.

ఆ సాయంత్రమే పంపింది. జవాబు రాలేదు. ఎనిమిది రోజులకు, వచ్చే ఏడాది నుంచి తెలుగు విభాగం ఉండదని కాగితం వచ్చింది. వీడియో చూశారా అని ఆఫీసులో అడిగితే, "ఏ వీడియో, దీదీ?" అన్నాడు గుమాస్తా.

మర్నాడు తరగతిలో ఆమే ఆ సంగతి చెప్పింది. జాయ్ లేచి నిలబడింది.

"టీచర్, నా... నాను సెప్పింది ఆళ్లు ఇన్నారా?"

"ఇన్నారమ్మా."

"మరి ఏటన్నారు?"

దేవమణి బోర్డు వైపు తిరిగి తేదీ వేసి, పుస్తకాలు తియ్యమంది.