తాళ్లు గీసేవాడు చెప్పని మాట

కోరుట్లలో నవనీత ఉండే ఇంటికి రెండే గదులు. ముందు గదిలో అత్త మొగిలవ్వ బీడీలు చుడుతుంది. వెనక గదిలో నవనీత కంప్యూటర్ మీద ఫోన్ ఆటలు తయారుచేస్తుంది. సిరిసిల్లలో పుట్టింట్లో ఉన్నప్పుడు కంప్యూటర్ సెంటర్‌లో కొంత, తర్వాత వీడియోలు చూసి మిగతాది నేర్చుకుంది.

భర్త దేవేందర్‌ది కోరుట్ల దగ్గరి ఇబ్రహీంపట్నంలో తాళ్లు గీసే, అంటే తాటిచెట్లెక్కి కల్లు తీసే కుటుంబం. అతను మాత్రం గల్ఫ్ వెళ్లాడు. అక్కడ కంపెనీ జీతం ఆపేస్తే చెప్పకుండా బయటపడి, చాటుగా వేరేచోట పని చూసుకున్నాడు. కొన్నాళ్లకు అతని ఫోన్ ఆగిపోయింది. నవనీత జగిత్యాల కలెక్టరాఫీసుకు వెళ్లి అర్జీ ఇచ్చి వచ్చింది. కబురు లేదు.

ఆ నెలల్లోనే ఆమె కొత్త ఆట మొదలుపెట్టింది. తాటివనంలో దారి తప్పినవాడికి తాళ్లు గీసే మనిషి ఎదురై మాట్లాడాలి. ఆ మాటలు రాయడానికి ఆమెకు చేయి ఆడలేదు. చివరికి దేవేందర్ పంపిన మెసేజ్‌లన్నీ ఫోన్‌లోంచి దింపి, తేదీలు తీసేసి, ఒక టెక్స్ట్ ఫైలుగా చేసి, ఆట కట్టే గేమ్ ఇంజిన్‌లోకి తెచ్చింది. ఆట ఆ ఫైలులోంచి ఏదో ఒక వరసను తీసి, ఆ మనిషి తల మీద బుడగలో చూపిస్తుంది.

మొదట బుడగలో అన్నీ ఖాళీ గళ్లే కనిపించాయి. తెలుగు ఫాంటు పెట్టాక మాటలు వచ్చాయి.

“తిన్నరా? ఈడ ఎండ మస్తు కొడుతున్నది.”

నవనీత చదివి వినిపిస్తే మొగిలవ్వ బీడీల చాట పక్కన పెట్టింది. అప్పటినుంచి రోజూ పని కాగానే ఆట పెట్టమనేది.

ఒక సాయంత్రం ఆటలో తాళ్లు గీసేవాడు దగ్గరికి వచ్చాడు. నోరు కదిలింది. బుడగలో ఏమీ లేదు.

“ఏమంటున్నడే?” అంది మొగిలవ్వ.

“ఏం లేదత్తమ్మా. ఫైల్‌ల ఖాళీ లైన్ ఉన్నట్టున్నది. తీసేస్త.”

ఖాళీ వరసలను వదిలేయమని ఆటకు చెప్పింది. అయినా మర్నాడు అతను మళ్లీ వచ్చి, అలాగే నోరు కదిపి ఊరుకున్నాడు. నవనీత ఫైలు తెరిచి చివరి వరసకు వెళ్లింది. కంటికి ఏమీ లేదు. బాణం మీట నొక్కితే కర్సర్ మాత్రం ఉన్నచోటే ఒకసారి ఆగి ముందుకు పోయింది. అక్కడ ఏదో ఉంది. తెలుగు రాసేటప్పుడు అక్షరాలను విడదీసే గుర్తు, కనిపించనిది. ముందూ వెనకా ఏ అక్షరమూ లేకుండా అదొక్కటే.

ఆమె ఫోన్ తీసి చూసింది. దేవేందర్ దగ్గర్నుంచి వచ్చిన ఆఖరి మెసేజ్ ఖాళీగా ఉంది. ఇన్నాళ్లూ ఆమె దాన్ని గమనించలేదు.

“ఏదో చెప్పబోయిండు అత్తమ్మా.”

“నాకెరుకనే. రోజు చూస్తలేనా,” అంది మొగిలవ్వ.

గల్ఫ్‌లో కాగితాలు లేనివాళ్లకు క్షమాభిక్ష ప్రకటించినప్పుడు దేవేందర్ ఇంటికి వచ్చాడు. చిక్కిపోయాడు. ఇన్నాళ్లూ జైల్లో ఉన్నానని చెప్పాడు. కొన్నాళ్లు పోనిచ్చి నవనీత అతనికి ఫోన్ చూపించింది.

“గీ మెసేజ్‌ల ఏం రాద్దామనుకున్నవ్?”

అతను తేదీ చూశాడు.

“నేను పంపలే. గంతకు ముందు వారమే నన్ను పట్టుకున్నరు. ఫోన్ గుంజుకొని బంద్ చేసిన్రు.”

“మరెవరు పంపిన్రు?”

“నాకేం తెలుసు,” అన్నాడు. “గా రోజులల్ల జ్వరం బాగ ఉండె. నన్ను గన్న అవ్వ పక్కన కూసున్నట్టే ఉండె. పిలుద్దామంటే మాట ఎల్లకపోయేది.”

ముందు గదిలో బీడీలు చుడుతున్న చప్పుడు ఆగింది. నవనీత తల తిప్పి చూసింది. మొగిలవ్వ కొడుకు వైపు చూడటం లేదు. బల్ల మీద కంప్యూటర్ వైపు చూస్తోంది.

“గా లైన్ తీసెయ్యి బిడ్డా,” అంది. “మనోడు అచ్చిండు. ఇంకా గా తాళ్లల్ల నిలబడేది ఎవరో మనకెందుకు.”

నవనీత తీసేసింది.