వంకలు పెట్టని నోరు

మా అత్త తన జన్మలో ఏ సరుకునూ బాగుందని అనలేదు. అనకపోవడమే ఆమె పని. అరకులో స్టేషన్ రోడ్డు మీద మా కొట్టు. సంత రోజున కొండ మీది ఊళ్ల నుంచి చింతపండు, పసుపు, పిప్పళ్లు, రాజ్మా గింజలు కావిళ్లలో దిగేవి. ఆమె చిటికెడు చింతపండు నోట్లో వేసుకుని, మొహం పక్కకు తిప్పి తుపుక్కున ఊసేసేది.

"పులుపే నేదు. గింజలెక్కువ. సరిగ్గా ఎండనేదు. నిరుటి సరుకులాగున్నాది."

ఇంత చదివిందంటే ఆమె ఆ కావిడి కొనబోతోందని అర్థం. అక్కర్లేని సరుకుకు ఆమె వంక పెట్టదు. "ఒద్దు" అనేసి పక్క కావిడి దగ్గరకు పోతుంది. ఈ తేడా తెలియని మైదానం వ్యాపారులు ఆమె పెదవి విరుపు చూసి, సరుకు నిజంగానే పాడైందనుకుని వెళ్లిపోయేవారు. ఆమె వాళ్ల వెనకే బేరం ముగించేది. ఆ నాలుగు వంకలతో ఎన్ని కావిళ్లు చవగ్గా మా గుమ్మంలో దిగాయో చెప్పుకోవడం నాకిప్పుడు అంత గొప్పగా లేదు గానీ, మేం తిన్న తిండి అదే.

ఆమె మా నాన్నకు అక్క. పక్కపక్క కొట్లు మావి. నన్ను చిన్నప్పటి నుంచీ చూస్తూ, "నలుపు, పొట్టి, నోరు మరీ పెద్దది, నడక మగాడి నడక" అని వచ్చిపోయేవాళ్ల ముందల్లా వంకలు పెట్టింది. ఆమె పద్ధతి తెలిసిన మా నాన్న నాకు వేరే సంబంధాలు చూడలేదు. చివరికి తన కొడుక్కే నన్ను చేసుకుంది.

రెండువేల దశకం చివరి రోజుల్లో, ఒక వానాకాలం ఆమెకు జ్వరం పట్టుకుంది. ఏజెన్సీలో మలేరియా కొత్త కాదు. మాత్రలు వేసుకుంటే పోయింది. పోతూ పోతూ ఆమె నోటిని పట్టుకుపోయింది. అన్నం పెడితే ఒద్దు. చోడి అంబలి ఒద్దు. ఎండుచేప పులుసు, వెదురు కొమ్ముల కూర, కొత్తావకాయ, అన్నీ ఒద్దే. "సప్పగున్నాదే" అనేది, అదీ బతిమాలి నోట్లో పెడితే. రవిక భుజాల మీద నుంచి జారిపోసాగింది. చేతి గాజులు జారకుండా దారంతో కట్టాను.

నేను అప్పటికీ అంత భయపడలేదు. భయం ఒక సంతరోజున వచ్చింది. డుంబ్రిగుడ వైపు నుంచి ఏళ్ల తరబడి మాకు రాజ్మా తెచ్చే ఒక ముసలాయన కావిడి దించాడు. మా అత్త గింజలు చేతిలోకి తీసుకుని చూసి, "సరే, దింపు" అంది. అంతే. ఆయన నిలబడే ఉన్నాడు, ఇంకేదో రావాలన్నట్టు. తర్వాత నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"మీ ముసిలమ్మకేటైనాది? నా సరుకునొక్క మాటన్నేదు."

ఆ మర్నాడే పట్నం ప్రయాణం. మా ఆయన కొట్లో ఉండాలి కాబట్టి నేనే తీసుకెళ్లాలి. తొలి బస్సులో, అనంతగిరి మలుపులన్నీ ఆమె తల నా ఒళ్లో పెట్టుకుని దిగాను. విశాఖలో ఆస్పత్రి, చీటీ, వరస, రక్తం, మళ్లీ వరస. మధ్యాహ్నానికి డాక్టరుగారు కాగితాలు తిరగేసి, లోపల ఏ జబ్బూ మిగల్లేదన్నారు.

"నోటికి హితవైంది ఏదైనా పెట్టండమ్మా. ఏదైనా పరవాలేదు. ఇలాగే తినకుండా ఉంటే మాత్రం, వచ్చే నెల ఆవిడ్ని ఇలా నడిపించుకుని రాలేరు."

హితవైంది ఏదో తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తాను? బయటకొచ్చి ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్నాను. కాళ్లు పీకుతున్నాయి. బస్సుకింకా టైముంది. రోడ్డుకవతల కొత్తగా కట్టిన మాల్, దాని నెత్తిన పెద్ద బోర్డు: ఆసియా రుచులన్నీ ఒకే చోట. నాలోని కొట్టుమనిషి లేచి నిలబడింది. మనసు కుదరని బేరగత్తెకు ఏం చేస్తాం? కొట్లో ఉన్నదంతా ముందు పరిచేస్తాం. ఏదో ఒకదాని మీద చెయ్యి పడకపోదు.

"ఎక్కడికే?" అంది మా అత్త.

"కాసేపు చల్లగా కూర్చుందాం రా అత్తా."

పై అంతస్తులో వరసగా కౌంటర్లు, మధ్యలో బల్లలు. నాకు మొదటి దెబ్బ గుమ్మంలోనే తగిలింది. డబ్బు ముందే కట్టి ఒక కార్డు తీసుకోవాలట. ఏ కౌంటర్లో తిన్నా అందులోంచి కోసుకుంటారు. డబ్బు చేయిదాటాక ఇక బేరమెక్కడుంటుంది? ఇది కనిపెట్టినవాడెవడో మా కన్నా ముదురు వ్యాపారి. తలవంచి కట్టాను.

అయినా పుట్టుబుద్ధి పోదు. చైనా కౌంటర్ ముందు నిలబడి, "రుచి చూడకుండా ఎలా కొంటాం బాబూ? ఒక చెంచా పెట్టు, నచ్చితే పళ్లెం తీసుకుంటాం" అన్నాను. వాడు అటూ ఇటూ చూసి చెంచాడు నూడుల్స్ కాగితం గిన్నెలో వేశాడు. గెలిచాననుకున్నాను. అత్త నోట్లో పెట్టాను. నమిలింది.

"సప్పగున్నాది."

రుచి చూశాక కొనకుండా కదిలితే మర్యాద కాదు కదా. పళ్లెం కొన్నాను. నేనే తిన్నాను.

థాయ్ కౌంటర్లో చెంచా బేరం సాగలేదు. పళ్లెమే కొనాలన్నారు. కొబ్బరిపాలలో పచ్చటి కూర. ఒక్క చెంచా. "సప్పగున్నాది." మిగతాది నేను. మలేషియావాళ్లది వేరుశనగ ముద్దలో ముంచిన మాంసం పుల్లలు. "సప్పగున్నాది." పుల్లలన్నీ నేను. అరబ్బువాళ్లది రొట్టెలో చుట్టిన కోడి. అక్కడ ఆ మాట కూడా అనలేదు, తల అడ్డంగా ఊపింది. హైదరాబాద్ బిర్యానీ కౌంటర్ కూడా ఆసియా వరసలోనే ఉంది. మనమూ ఆసియాయేనని నాకప్పుడు గుర్తొచ్చింది. అదీ తిన్నాను. కొన్నది పారెయ్యడం మా ఇంటా వంటా లేదు.

జపాన్ కౌంటర్ వెనక నల్ల టోపీ, ఎర్ర గీతల చొక్కా వేసుకున్న నడివయసు మనిషి ఉన్నాడు. ఏ భాషలో అడగాలా అని తడబడుతుంటే, "ఏటమ్మా కావాలి?" అన్నాడు.

"ఏ ఊరు బాబూ నీది?"

"కురుపాం దగ్గరండి. మీరు?"

"అరకు."

"అరకు నుంచి ఇది తిండానికొచ్చినారా?" నిజంగానే జాలిపడ్డాడు.

"బావుంటుందా ఇది?"

"నేనెప్పుడూ తిన్నేదండి. మాకు కిందన పప్పూ అన్నం ఎడతారు."

అంత నిజం చెప్పే మనిషి మా కొట్లో ఒక్క రోజు కూడా పనికిరాడు. అతని మొహం చూసి కాదనలేక ఒక పళ్లెం తీసుకున్నాను. నల్లటి ఆకులో చుట్టిన చల్లటి అన్నం. అత్త దాన్ని వేలితో తాకి, చలిగాలికి కొంగు చెవుల దాకా లాక్కుని కూర్చుంది.

"ఒలే, నిజం సెప్పు. నన్ను డాక్టరుకి సూపించనానికి తెచ్చినావా, నువ్వు తిండానికి తెచ్చినావా?"

నోటినిండా చల్లటి అన్నం నములుతూనే ఉన్నాను. పొట్ట మద్దెలలా బిగిసింది. చుట్టూ పిల్లలు, పళ్లేలు, పాటలు. ఎదురుగా ఆమె, ఊళ్లోకన్నా చిన్నదైపోయి. ఎంతమంది కొనుగోలుదార్లను కూర్చోబెట్టి సరుకు అంటగట్టాను నేను! ఈ ఒక్క మనిషికి ఒక్క ముద్ద అంటగట్టలేకపోతున్నాను. వచ్చే నెల అన్న డాక్టరు మాట చెవిలోంచి పోవడం లేదు. చాలనిపించింది. లేచి బస్టాండుకు పోదామనుకున్నాను.

కార్డులో ఇంకా కొంచెం మిగిలింది. అది తిరిగిస్తారో ఇవ్వరో అన్న అనుమానం తప్ప ఆ చివరి మూలకు నన్ను నడిపించిన గొప్ప ఆలోచన ఏదీ లేదు. ఆ మూల ఆవిరి గిన్నెల వెనక ఒక కొండపిల్ల. మా కొండలు కాదు, డార్జిలింగ్ వైపువి. చిన్న కళ్లు, ఎర్రటి బుగ్గలు. మోమోలు అమ్ముతోంది. పల్చటి పిండిలో కూరపెట్టి ఆవిరి మీద ఉడికించినవి, పక్కన ఎర్రటి పచ్చడి. ఒక పళ్లెం తెచ్చి అత్త ముందు పెట్టాను. బతిమాలలేదు. అంత ఓపిక లేదు.

ఆమె చిటికెన వేలు పచ్చడిలో ముంచి నాలుక్కి రాసుకుంది. ఒక మోమో చిదిపి, సగం నోట్లో వేసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మొహం పక్కకు తిప్పింది.

"ఏటిది, కుడుమా? పిండి మందం. లోపలంతా క్యాబేజీయే, అల్లం నేదు. పచ్చట్లో ఎల్లుల్లి మరీ ఏసేసినారు. నిరుటి సరుకులాగున్నాది."

పొద్దుటి నుంచి, కాదు, వానలు మొదలైనప్పటి నుంచి ఆ నోట్లో ఒక్క వంక లేదు. చప్పటి నోటికి వెల్లుల్లి ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?

నేను ఏదో అనబోయేలోగా ఆమె పళ్లెం వెనక్కి తోసి లేచింది. నేరుగా ఆ కౌంటర్ దగ్గరకు పోయి, సంతలో కొండవాళ్లతో మాట్లాడే ఆదివాసీ ఒరియాలో ఆ పిల్లను కడిగేసింది. ఇంత చిన్నవా, ఇన్నేనా, పైన ఒకటైనా వెయ్యరా అని వేళ్లు చూపించింది. మాటలు సగమే అర్థమైనా అడుగుతున్నదేమిటో ఆ పిల్లకు తెలిసింది. నవ్వి, నెత్తిమీది ధరల బోర్డు చూపించింది. మా అత్త చెయ్యి విదిలించి నడక మొదలుపెట్టింది.

ఆ నడక నాకు తెలుసు. సంతలో వందసార్లు చూశాను. కోపంగా మొదలై, మెల్లగా సాగి, కొంగు సర్దుకునే మిషతో ఆగుతుంది. అక్కడ అమ్మేవాడు వెనక నుంచి పిలవాలి. పిలిస్తేనే వెనక్కి రావాలి. పిలవకపోతే, ఎంత కావాల్సిన సరుకైనా, వదిలేసి పోవాల్సిందే. ఆమె వదిలేసి పోతుంది కూడా.

కొంగు సర్దుకుంటోంది. బోర్డు మీద ధర రాసినచోట ఎవరు పిలుస్తారు?

నేను కౌంటర్ దగ్గరకు పరిగెత్తాను. టూరిస్టుల దగ్గర నేర్చిన హిందీలో గొణిగాను. "ఆ ముసలమ్మను పిలువు. ఒకటి ఎక్కువిస్తానను. దాని డబ్బు నా కార్డులో కొట్టుకో. ఆమెకు మాత్రం ఊరికే ఇస్తున్నట్టుండాలి." కొసరుకు డబ్బు కడతానన్న మొదటి మనిషిని మా వంశంలో నేనే అయ్యుంటాను. మా నాన్న వింటే నన్ను కొట్లోకి రానిచ్చేవాడు కాదు.

ఆ పిల్ల నన్ను కాదు, అత్త వీపును చూస్తోంది. "మా అమ్మమ్మ కూడా ఇట్లానే," అంది వచ్చీరాని తెలుగులో. "మెల్లగా పోతది." తర్వాత చేతులు నోటి దగ్గర పెట్టుకుని గట్టిగా పిలిచింది. "అమ్మా! రండి! ఒకటి ఎక్కువ ఇస్తాను!"

మా అత్త తిరగలేదు. మొదటి పిలుపుకు తిరగకూడదు.

"అమ్మా! రండి, రండి!"

అప్పుడు తిరిగింది. అక్కర్లేకపోయినా నీకోసం వస్తున్నానన్న మొహంతో వచ్చింది.

"ఒకటేటి? రెండియ్యి."

"ఒకటే."

"అయితే పచ్చడి ఇంకొంచెం ఎయ్యి. బేగి."

ఆ కొసరు మోమోను కౌంటర్ దగ్గర నిలబడే తినేసింది. తర్వాత బల్ల దగ్గరకొచ్చి పళ్లెం ముందుకు లాక్కుంది. నేను అటు చూడలేదు. బేరం కుదిరాక కొన్నవాళ్ల మొహంలోకి చూడకూడదు, మళ్లీ మనసు మార్చుకుంటారు. పక్క బల్ల మీది ఖాళీ సీసా చూస్తూ కూర్చున్నాను. పళ్లెం మీద చెంచా గీసుకునే చప్పుడు వినిపించింది. ఎంతసేపైనా వినాలనిపించింది.

ఒక పళ్లెం పొట్లం కట్టించుకుని, గుమ్మం దగ్గర కార్డు తిరిగిచ్చాను. మిగిలింది వెనక్కిచ్చారు. రసీదు చూశాను, చూడకుండా ఉండలేను కదా. ఆ ఒక్కటీ కొట్టుకోలేదు. అంటే అది నిజంగా కొసరే.

బస్సు ఘాటెక్కేసరికి నా పని అయిపోయింది. చైనా, థాయ్, మలేషియా, అరబ్బు, జపాన్ ఒక్కో మలుపుకు ఒకటి చొప్పున లేచొచ్చాయి. బొర్రా మలుపు దగ్గర టీ కోసం ఆపినప్పుడు దిగి, రోడ్డు పక్కన వంగిపోయాను. మా అత్త దిగొచ్చి ఒక చేత్తో నా నుదురు పట్టుకుంది.

"అంత ఆత్రమేటే నీకు? ఎదట ఎట్టినారు కదా అని అన్నీ తినేత్తావా?"

"కొన్నది పారెయ్యమంటావా అత్తా?"

"పారెయ్యడానికి కొన్నావా? బేరం సెయ్యడం రాదు, తినడం రాదు. ఏటి నేర్పినాడే మీ నాన్న నీకు?"

నీళ్లు పుక్కిలించి, తడి మొహంతో మైలురాయి మీద కూలబడ్డాను. ఆమె పక్కనే నిలబడి, నడుము దగ్గర దోపుకున్న పొట్లం తీసి విప్పింది. కొండగాలికి వెల్లుల్లి వాసన నా మొహానికి కొట్టింది. కళ్లు మూసుకున్నాను.

"సల్లారిపోనాది," అంది నములుతూ. "సల్లారితే మరీ పాడుగున్నాది."