చక్రాల మీద మట్టిపొయ్యి

ఈ కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది గ్యాస్ బండి అప్ప. మదనపల్లెలో మా వీధికి సిలిండర్లు వేసే మనిషి కట్టెపొయ్యిల గురించి అంత సంబరంగా చెబుతుంటే నాకు నవ్వాగలేదు. ఆయన బావమరిది కుప్పం దగ్గర ప్రభుత్వ ఇంధన పరిశోధనశాలలో వాచ్‌మన్. అక్కడ పల్లెల్లోని మట్టిపొయ్యిలను పరీక్ష చేస్తారట. పొగ తక్కువగా వచ్చేవాటికి బొమ్మ గీసి, కొలతలు రాసి పుస్తకంలో ఎక్కిస్తారట. ఆ పుస్తకం చూసి బడుల్లో, అంగన్‌వాడీల్లో అలాంటివే కడతారట. ఖాళీ సిలిండర్ భుజాన వేసుకుని మెట్లు దిగుతూ, "నీకు తెలిసినోళ్లు ఎవురన్నా ఉంటే జాబు రాయమ్మా. నా పని పోతే పోనీలే" అన్నాడు.

నాకు తెలిసినవాళ్లు ఒక్కరే. పుంగనూరులో మా అమ్మమ్మ పక్కింటి పెద్దమ్మ. రక్తసంబంధం లేదు, మతం కూడా ఒకటి కాదు. ఆమె శనివారం ఒక్కపొద్దు ఉంటుంది, మేము ఆదివారం చర్చికి పోతాం. అయినా పెద్దమ్మే. చిన్నప్పుడు నాకు ఆయాసం. బడికి నడిచిపోలేక మా నాన్న దగ్గర ఇంట్లోనే చదువుకున్నాను. ఏ వంటింట్లోకి పోయినా దగ్గు ముంచుకొచ్చేది. ఒక్క పెద్దమ్మ పొయ్యి పక్కన మాత్రం హాయిగా కూర్చునేదాన్ని. ఆమె పొయ్యి లోపల ఒక మెలిక ఉంటుంది. పొగ ఆ మెలికలో తిరిగి, మళ్లీ మంటలోకే వచ్చి కాలిపోతుంది. గుణింతాలన్నీ నేను ఆ పొయ్యి పక్కనే నేర్చుకున్నాను. దేవుడు నాకు చేసిన మేళ్లు లెక్కపెట్టుకునేటప్పుడు ఆ మెలికను ఎప్పుడూ వదిలిపెట్టను.

ఆ మెలిక కొలతలు ఏ కాగితం మీదా లేవు. పెద్దమ్మ చేతుల్లోనే ఉన్నాయి. ఇక్కడ జానెడు, అక్కడ బెత్తెడు, మూలకు రెండు వేళ్లు, అంతే. కూతుళ్లిద్దరూ గ్యాస్ మీదే వండుకుంటారు, నేర్చుకున్నవాళ్లు లేరు. పైగా ఏడాదిగా ఆమెకు చేతులు వణుకుతున్నాయి. ఇంకో నాలుగు పొయ్యిలు వేయగలదో లేదో. అందుకే ఆ పుస్తకం మాట వినగానే నా కాళ్లు నేలమీద నిలవలేదు. ప్రార్థన చేసుకుని, తప్పుల్లేకుండా మూడుసార్లు దిద్దుకుని జాబు రాశాను. వాళ్లు రమ్మన్నారు.

పెద్దమ్మ పుంగనూరులో బస్సెక్కడమే ఒక మూటతో ఎక్కింది. జల్లించిన పుట్టమన్ను, వరి ఊక. కుప్పంలో దొరికే మన్ను మీద ఆమెకు నమ్మకం లేదు. ఆడవాళ్లకు టికెట్ లేదు గానీ ఇంత బరువు మన్నుకు లగేజీ కొట్టాల్సిందేనని కండక్టరు పట్టుబట్టాడు. పెద్దమ్మ మూట మీద చెయ్యేసి, "భూమిని తల్లి అంటారు గదప్పా. తల్లి ఆడది కాదా?" అంది. బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వి, నవ్వుతూనే టికెట్ కొట్టాడు.

పరిశోధనశాలలో అడుగుపెట్టగానే గోడంత బోర్డు. పైన ఒక గడిలో డైరెక్టరు, ఆయన కింద గీతలు, గీతల కింద గడులు. బయోమాస్ విభాగం సారు మమ్మల్ని దాని ముందు నిలబెట్టి ఓపిగ్గా చెప్పారు. ఎండతో పనిచేసేవాళ్లు సోలార్ విభాగం. కట్టె, పేడ, ఊకలతో పనిచేసేవాళ్లు బయోమాస్. బ్యాటరీలవాళ్లు ఇంకొకరు. వీళ్లు చెప్పిన సామాను చేసిపెట్టేది వర్క్‌షాపు, కొలిచే తీగలూ మీటర్లూ చూసుకునేది పరికరాల విభాగం. వచ్చిన ప్రతి వస్తువుకూ నెంబరు వేసి బరువు రాసుకునేది స్టోర్స్. గోడలు, నేల, కప్పు సివిల్‌వాళ్లవి. సెలవులు, సంతకాలు ఆఫీసువాళ్లవి. పరీక్షల విభాగం గడి మాత్రం వీటన్నింటికీ దూరంగా, నేరుగా డైరెక్టరుకే గీత గీసి ఉంది. తయారు చేసినవాళ్లు తమ వస్తువును తామే పరీక్ష చేసుకోకూడదట.

పెద్దమ్మ శ్రద్ధగా విని, "వండినోళ్లే బాగుండాదని చెప్పుకోకూడదు, అంతే గదా" అంది. సారు నవ్వి, ఇన్నేళ్లుగా నేను ఇంత పొడుగు చెబుతున్నానే అన్నారు.

ఇక పొయ్యి ఎక్కడ వేయాలన్న దగ్గర చిక్కు మొదలైంది. షెడ్డులో నేలమీద వేస్తే అది కట్టడం అవుతుంది, కట్టడమంటే సివిల్‌వాళ్లది, వాళ్ల ప్లాను లేకుండా ఇటుక ముక్క కూడా పెట్టకూడదు. నేలకు అంటకుండా వేస్తే అది వస్తువు, స్టోర్స్‌ది. పెద్దమ్మ నా చెవిలో, "నేలకు అంటకుండా పొయ్యి యాడుంటుంది మే?" అని గొణిగింది. చివరికి వర్క్‌షాపువాళ్లు నాలుగు చిన్న చక్రాలున్న ఇనప పళ్లెం చేసి ఇచ్చారు. పెద్దమ్మ దాన్ని ముందుకొకసారి, వెనక్కొకసారి తోసి చూసుకుని, నడిచే పొయ్యి వేస్తానని కలలో కూడా అనుకోలేదంది. చీర కుచ్చిళ్లు దోపుకుని కూర్చుంది. మన్ను కలిపేటప్పుడు ఆ చేతులు వణకలేదు. నేను కళ్లారా చూశాను.

పని అయ్యాక స్టోర్స్ ఆయన వచ్చాడు. భారీ మనిషి, కుడి మోకాలు నొప్పి, నడిస్తే ఒక పక్కకు ఒరుగుతాడు. పొయ్యి నొసటి మీద తెల్ల రంగుతో నెంబరు వేశాడు. ఆరినాక బరువు తూచి రిజిస్టర్లో రాస్తానని చెప్పాడు. పెద్దమ్మ ఆ నెంబరు వైపు చూసి చూసి, "నాకే ఆధార్ కార్డు ఆలస్యంగా వచ్చింది. దీనికి సూడు, పుట్టిన దినమే వచ్చేసింది" అని మురిసిపోయింది.

పదిహేను రోజులు ఆరబెట్టి మమ్మల్ని మళ్లీ పిలిచారు. పొగ కొలిచే యంత్రం వేరే ఊరి పరిశోధనశాలది, మర్నాడు తెల్లారే తిరిగి పోవాలి, మళ్లీ వచ్చేది వానలు తగ్గాకే. కాబట్టి పరీక్షకు ఉన్నది ఆ ఒక్కరోజు. ముందురోజు రాత్రి కుప్పంలో మా చుట్టాల ఇంట్లో పడుకుని, ఆలస్యమవుతుందేమోనన్న భయంతో, ఆఫీసు తెరవకముందే వెళ్లి కూర్చున్నాం. గ్యాస్ అప్ప బావమరిది మమ్మల్ని గుర్తుపట్టి షెడ్డులోకి పంపాడు.

ఇక్కడే మేమిద్దరం, చాలా భక్తిగా, చాలా ఇష్టంగా, ఆ ఘనకార్యం చేశాం.

పొయ్యి దుమ్ము కొట్టుకుని ఉంది. మొదటిసారి వెలిగించే పొయ్యిని ఎవరైనా అట్లాగే వదిలేస్తారా? పెద్దమ్మ కొంగులోంచి ఎర్రమన్ను పొట్లం తీసింది. నేను కొళాయి దగ్గర్నుంచి చెంబుతో నీళ్లు తెచ్చాను. వెనక వైపు మూడు సన్నటి బొక్కలు కనిపించాయి. "చీమలు తొలిచినట్టుండాయి" అంటూ పెద్దమ్మ వాటిని మన్నుతో మెత్తి నున్నగా చేసింది. పొయ్యి అంతా రెండు పూతలు ఎర్రమన్ను పూసింది. బియ్యప్పిండితో ముగ్గు గీతలు లాగింది. నేను కళ్లు మూసుకుని ఈ పని సఫలం చెయ్యి ప్రభువా అన్నాను. కళ్లు తెరిచేసరికి పొయ్యి పెళ్లికూతురిలా తళతళలాడుతోంది.

పరీక్షల విభాగం మేడమ్ వచ్చి చూసి, చేతిలోని పుస్తకం మూసేసింది.

ఆ మూడు బొక్కలు చీమలవి కావు. వేడి కొలిచే తీగలు పెట్టడానికి పరికరాల విభాగంవాళ్లు ముందురోజు సాయంత్రమంతా కూర్చుని వేసినవి. నెంబరు కనబడ్డంలేదు, నెంబరు లేని వస్తువును ముట్టుకోకూడదు. అన్నింటికంటే ఘోరం, పొయ్యి తడిసింది. రిజిస్టర్లో రాసిన పొడి బరువుకు రాకపోతే పరీక్ష చెల్లదు. బయోమాస్ సారు బతిమాలారు. మేడమ్ గొంతు పెంచలేదు.

"నేను మీకు సాయం చెయ్యకూడదు సార్. అందుకే నన్ను వేరే గడిలో పెట్టినారు."

తరవాత మా వైపు తిరిగి, మధ్యాహ్నం మూడు లోపల బరువు సరిపోతే వెలిగిస్తానని, లేకపోతే వానల తరవాతేనని చెప్పింది. పెద్దమ్మ తన చేతులు కొంగులో దాచుకుంది. "అంతకాలం ఇవి నిలబడతాయా మే" అని నన్నే అడిగింది.

అప్పుడు స్టోర్స్ ఆయన ఒరుగుతూ వచ్చాడు. పొయ్యి నొసట బొటనవేలితో తుడిచాడు. ఎర్రమన్ను కింద నుంచి తెల్ల నెంబరు బయటపడింది. ముగ్గు చెరిపేసినందుకు పెద్దమ్మను క్షమించమన్నాడు. పొయ్యిని తూచి, ఇంత దిగాలి అని వేళ్లతో చూపించాడు. సోలార్‌వాళ్ల దగ్గర టమాటాలు ఎండబెట్టే అద్దాల పెట్టె ఉంది, మనిషి దూరేంత పెద్దది. చక్రాలున్నాయి కాబట్టి పొయ్యిని దాన్లోకి తోసెయ్యొచ్చు.

తోసెయ్యడం తేలికే. కానీ ఒక విభాగం సామాను ఇంకో విభాగం వాడుకోవాలంటే చీటీ మీద ఐదు సంతకాలు కావాలి. ఆ చీటీ అటెండరు సంచిలో తిరుగుతూ, ఒక్కో బల్ల మీద ఒక్కో రాత్రి నిద్రచేసి, వారానికి ఇల్లు చేరుతుందట. స్టోర్స్ ఆయన చీటీని సంచిలో వెయ్యలేదు. చేత్తో పట్టుకుని, సంతకాలకు కింద పెట్టే అట్ట నన్ను పట్టుకురమ్మని, నడక మొదలుపెట్టాడు.

ఆ నడక తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తాయి. బయోమాస్ సారు గోడకు ఆనించి సంతకం పెట్టేశారు. సోలార్ పెద్దసారు మిద్దె మీద. స్టోర్స్ ఆయన మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ, నేను ఆగుదామంటే, "ఆగితే ఎండ ఆగుతాదా అమ్మా" అన్నాడు. సోలార్ పెద్దసారు లోపలున్న టమాటాలు ఏం కావాలన్నారు, అవి మన మదనపల్లెవే సార్, ఏమీ అనుకోవు అన్నాడు ఈయన. పరికరాలవాళ్లు బొక్కలు మూసిన మనిషి నువ్వేనా అని నన్నడిగారు. చెంబు మోసింది నేనేనని ఒప్పుకున్నాను. వాళ్లు పగలబడి నవ్వి, సంతకంతో పాటు డ్రిల్లు కూడా పట్టుకుని మా వెంట వచ్చేశారు. వర్క్‌షాపు మేస్త్రీ చేతికి గ్రీజు, వేలిముద్ర పడిన చీటీనే ఆఫీసు మేడమ్ ముందు పెట్టాం. ఆమె చీటీని, చెమటకు తడిసిన ఆయన చొక్కాను మార్చి మార్చి చూసి సంతకం పెట్టింది.

బోర్డు మీద విడివిడిగా చూసిన గడులన్నీ అద్దాల పెట్టె చుట్టూ గుమిగూడాయి. లోపల ఎర్రటి పొయ్యి. బయట సోలార్‌వాళ్లు సగం ఎండిన టమాటా ముక్కల పళ్లాలు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. అర్ధగంటకోసారి పొయ్యిని బయటికి తోయడం, తూచడం, లోపలికి తోయడం. పన్నెండు దాటాక మబ్బు కమ్మింది. పెద్దసైంటిస్టుల నుంచి ఊడ్చే ఆమె దాకా అందరూ తలలెత్తి ఆకాశాన్ని చూస్తూ ఉండిపోయారు. నేను నా దేవుణ్ణి, పెద్దమ్మ తన దేవుణ్ణి, సోలార్ పెద్దసారు ఫోన్లో వాతావరణాన్ని అడుక్కున్నాం. ముగ్గురిలో ఎవరి మాట చెల్లిందో గానీ మబ్బు తప్పుకుంది. మూడుకు పది నిమిషాలుండగా కాటా ముల్లు రిజిస్టర్ లెక్క మీద నిలబడింది. మేడమ్ వంగి ఒకసారి, అటుపక్క నుంచి ఇంకోసారి చూసి, "కట్టెలు తూచండి" అంది.

పొయ్యి వెలిగింది. కుండలో నీళ్లు మరిగాయి. పొగ యంత్రం కాగితం కక్కుతూనే ఉంది. మేడమ్ మొహం మాత్రం ఏమీ చెప్పలేదు. అంతా అయ్యాక అంకెలు రెండుసార్లు కూడుకుని, పెద్దమ్మ దగ్గరికి వచ్చి, పక్కన నేలమీద కూర్చుంది.

"ఆ లోపలి మెలిక మీకు ఎవరు నేర్పినారమ్మా?"

"మా అత్త నేర్పింది. పాసా, ఫేలా?"

"పాసు."

పెద్దమ్మ నన్ను పట్టుకుని ఊపేసింది. సోలార్‌వాళ్లు టమాటా ముక్కలు పంచిపెట్టారు, పుల్లగా, ఉప్పు లేకుండా, అమృతంలా ఉన్నాయి. ఆ సాయంత్రమే బొమ్మ గీసే ఆయన స్కేలు తెచ్చి పెద్దమ్మ జానను, బెత్తెను, రెండు వేళ్ల మందాన్ని కొలిచి రాసుకున్నాడు. చెయ్యి వణికితే నేను మణికట్టు పట్టుకున్నాను. జానెడు, బెత్తెడు అనే మాటలు సెంటీమీటర్లయి కాగితం మీదికి దిగడం నేను పక్కనుండి చూశాను. అంతకంటే దేవుణ్ణి ఏం అడగను?

మొన్న ఆ పరీక్ష నివేదిక పోస్టులో వచ్చింది. పెద్దమ్మ పేరు మొదటి పేజీలోనే ఉంది. పరీక్ష చేసిన మేడమ్, బయోమాస్ సారు, పరికరాలవాళ్లు, బొమ్మ గీసిన ఆయన, అందరి సంతకాలూ ఉన్నాయి. స్టోర్స్ ఆయనది లేదు. ఫోన్ చేసి అడిగితే, అలాంటి నివేదికలో స్టోర్స్‌కు చోటుండదని, అది ఎవరి తప్పూ కాదని ఆయనే నాకు నచ్చచెప్పాడు. అందుకే ఇదంతా రాశాను. ఏ బడి వంటింట్లోనైనా పొగ రాని మట్టిపొయ్యి మీకు కనబడితే, అక్కడ అన్నం తినే పిల్లల్ని చూస్తే, చీటీ చేతబట్టుకుని మెట్లెక్కిన ఆ మనిషిని ఒక్కసారి తలుచుకోండి. మీరు ఏ దేవుడికి మొక్కేవాళ్లయినా సరే, ఆయన కోసం ఒక్క మాట చెప్పండి.