సుగుణ ఆంటీ తెల్ల ఐరిస్

ఏప్రిల్‌లో, అమెరికాలో మేముండే ఈ మోరిస్‌విల్ అంతా పైన్ పుప్పొడి పసుప్పచ్చగా పేరుకుంటుంది. ఈ ఉదయం వాన పడి అదంతా కొట్టుకుపోయింది. పెరటి తలుపు తీయగానే తడిసిన ఆకుమట్టి వాసన వచ్చింది. ఆ వాసనకి నాకెప్పుడూ సుగుణ ఆంటీ గుర్తొస్తారు.

ఆంటీది నరసాపురం. ఇక్కడ హాస్పిటల్ ల్యాబ్‌లో పనిచేసేవారు. మా తెలుగు చర్చిలో పరిచయం. నాకప్పటికి వర్క్ పర్మిట్ రాలేదు; మా ఆయన ఆఫీస్‌కి వెళ్లాక పగలంతా ఇంట్లో ఒక్కదాన్నే. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఆంటీ, "మా ఇంటికి రామ్మా, ఒకటి చూపిస్తాను" అని కారెక్కించుకున్నారు. వాళ్ల పెరట్లో ఓక్ చెట్ల నీడన, జానెడు ఎత్తైనా లేని మొక్కలు గుంపుగా పూసి ఉన్నాయి. ఐరిస్ అనే ఈ పూలమొక్క ఇక్కడి అడవుల్లో మామూలుగా నీలంగా పూస్తుంది. ఆంటీది తెల్లది, రేకు మధ్య పసుపు గీత. వాళ్ల వీధిలోని ఒక ముసలాయన తన సొంత స్థలంలో దొరికినదాన్ని చీల్చి ఇచ్చాడట.

"గింజలు వేస్తే ఇంకా వస్తాయి కదా ఆంటీ?"

"వస్తాయి, కానీ తెల్లగానే పూస్తాయన్న గ్యారంటీ లేదు. ఈ రంగే కావాలంటే దుంప చీల్చి పెట్టుకోవాలి."

పూలు అయిపోయాక సగం చీల్చి నా చేతిలో పెట్టారు. "నా దగ్గర చచ్చిపోతే?" అన్నాను భయంగా.

"చావచ్చు. నా దగ్గరా చావచ్చు. రెండిళ్లలో ఉంటే ఒక ఇంట్లోనైనా మిగులుతుంది."

నేను దాన్ని లోతుగా పాతాను. ఆకులు పండిపోయాయి. ఆంటీ వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని చేతివేళ్లతో దుంపని పైకి లేపారు. "వేళ్లు మట్టిలో ఉండాలి, దుంప వీపు పైకి కనపడాలి." మరుసటి వసంతంలో పూసింది. ఫొటో పంపితే, లంచ్ బ్రేక్‌లో డ్రైవ్ చేసుకుని వచ్చి చూసి వెళ్లారు.

ఆ తర్వాతి వేసవిలో వాళ్ల పెరట్లో వాననీళ్ల పైపు కోసం తవ్వారు. పనివాళ్లకి తెలియక ఆ చోటే తవ్వి మట్టి పోశారు. ఆంటీ ఫోన్ చేశారు. "అంతా పోయిందమ్మా." తర్వాత అడిగారు, "నీది బాగుందా?" నా దాంట్లో సగం పట్టుకెళ్లాను. రెండు చేతులా అందుకున్నారు. కళ్లు తడిగా ఉన్నాయి. అప్పటికప్పుడే ఓక్ కింద నాటారు.

కొన్నేళ్లకు అంకుల్ ఉద్యోగం వేరే రాష్ట్రంలోని కాపెల్‌కి మారింది. మొక్క తీసుకెళ్లమన్నాను. "అక్కడిది సున్నపు నేల, పైగా ఆ ఎండ. తీసుకెళ్తే చేతులారా చంపుకోవడమే" అని, ఇల్లు అమ్మేసి, మొక్కని ఓక్ కిందే వదిలి వెళ్లారు. ప్రతి ఏప్రిల్‌లో ఫోన్ చేసి "పూసిందా?" అని అడిగేవారు.

కిందటేడు ఆంటీ పోయారు. ఆ కబురు తెలిసిన వారం వాళ్ల పాత ఇంటికి వెళ్లి తలుపు తట్టాను. ముక్కూముఖం తెలియని వాళ్ల తలుపు నేను తట్టడం అదే మొదటిసారి. ఆ ఇల్లు కొనుక్కున్న అమెరికన్ ఆయన బయటికి వచ్చాడు. ఓక్ కింద ఉన్నది కలుపు కాదని, పీకొద్దని, ఎప్పుడు ఎలా చీల్చాలో చెప్పాను. ఆయన గొంతుకూర్చుని శ్రద్ధగా చూశాడు.

"మీరు హార్టికల్చర్ చదివారా?"

"లేదు. సుగుణ అని, ఈ ఇంట్లో ఉండేవారు. ఆవిడ నేర్పారు."

ఆయన ఆ పేరు నోరు తిరిగేదాకా నా చేత మళ్లీ మళ్లీ చెప్పించుకున్నాడు. ఇప్పుడు నా దగ్గర మొక్క పట్టుకెళ్లే ప్రతివాళ్లకీ, నీళ్లూ నీడా సంగతి చెప్పేముందు, ఆ పేరు చెబుతాను.