పొన్నమండ నూకమ్మ జాడ

2006 జూన్‌లో నాకు రాజోలు మండల రెవెన్యూ కార్యాలయానికి డిప్యూటీ తహసీల్దారుగా బదిలీ అయింది. అంతకుముందు కొత్తపేటలోనూ అమలాపురంలోనూ జూనియర్ అసిస్టెంటుగా, ఆ తరువాత సీనియర్ అసిస్టెంటుగా పనిచేశాను. మండలాధికారిని అప్పట్లో ఎమ్మార్వో అనేవారు. ఆయన తరువాతి స్థానం నాది. రికార్డు గది తాళాలు నా దగ్గరే ఉండేవి. తపాలు, అంటే రోజూ కార్యాలయానికి వచ్చే ఉత్తరాలు, విప్పి ఎవరి సీటుకు ఏది వెళ్లాలో రాసేదీ నేనే.

చేరిన మూడో వారంలో కలెక్టరు కార్యాలయం మీదుగా ఒక అర్జీ వచ్చింది. రాసినావిడ పేరు సావిత్రి. దక్షిణాఫ్రికాలో డర్బన్ వాస్తవ్యురాలు, నర్సుగా చేసి రిటైరయ్యారు. వందేళ్ల కిందట చెరకు తోటల్లో కూలికి ఒప్పంద పత్రం మీద ఇక్కడి నుంచి ఓడెక్కిన నూకమ్మ అనే ఆమె, సావిత్రి గారి అమ్మమ్మకు తల్లి. ఆ నూకమ్మ తాలూకు మనుషులు ఇంకా ఎవరైనా ఉన్నారా అన్నది అర్జీ సారాంశం. ఓడ ఎక్కేటప్పుడు ఇచ్చిన పాసు నకలు జతచేశారు. నూకమ్మ, ఆడ, ఇరవై ఏళ్లు, తండ్రి సూరన్న, ఎడమ కనుబొమ మీద గాటు. జిల్లా గోదావరి, తాలూకా నగరం, ఊరు 'పొనముండ' అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఇంటిపేరు లేదు. తోడు వచ్చినవారి గడి ఖాళీగా ఉంది.

ఎమ్మార్వో గారు మంచివారే, కాని పని ఒత్తిడిలో ఉన్నారు. రికార్డులు లభ్యం కాలేదని రాసి ఫైలు ముగించెయ్యమన్నారు. అది మామూలు పద్ధతే. నేనూ అలాంటివి చాలా ముగించాను. అయితే నగరం తాలూకా అన్న మాట దగ్గర ఆగాను. రాజోలు తాలూకాను పూర్వం నగరం తాలూకా అనేవారని రికార్డు గదిలో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది. పొనముండ మన పొన్నమండే అయి ఉండాలి. ఆఫీసు పనికి అడ్డం రాకుండా చూసుకుంటానంటే ఆయన సరేనన్నారు.

రికార్డు గదిలో డైగ్లాట్ అనే పాత సెటిల్మెంటు రిజిస్టరు ఉంటుంది. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో ఇంగ్లీషులోనూ తెలుగులోనూ రాసిన పుస్తకం. పొన్నమండ పుటల్లో సూరన్న అనే చిన్న రైతు దొరికాడు. ఆ భూమి తరువాత అతని తమ్ముడి కొడుకుల పేరు మీదికి వెళ్లింది. వాళ్లలో ఒకరి మనవడు వెంకట్రావు గారు ఊళ్లోనే వ్యవసాయం చేస్తున్నారు. రెండు వారాల్లో పట్టుకున్నానని నాకు కొంచెం గర్వంగానే ఉంది. రాజోలు సెంటర్లో ఇంటర్నెట్ కొట్టుకు వెళ్లి సావిత్రి గారికి ఈమెయిలు పంపాను.

మూడో రోజున జవాబు వచ్చింది. ఎంతో మర్యాదగా రాశారు గాని, నా గర్వం అక్కడితో దిగిపోయింది. బంధుత్వం రుజువు చేసుకోవడానికి ఆవిడ అప్పటికే డీఎన్ఏ పరీక్ష చేయించుకున్నారట. దాని కిట్టు ఇంటికే పార్సిల్లో వస్తుంది. బుగ్గ లోపల చిన్న బ్రష్షుతో రాసి, దాన్ని గొట్టంలో పెట్టి పంపితే ఆ సంస్థవారు చదివి చెబుతారు. ఆ పరీక్ష చూసేది తల్లి నుంచి మాత్రమే బిడ్డలకు దిగే భాగాన్ని. అది కొడుకులకూ వస్తుంది గాని, కొడుకు నుంచి అతని పిల్లలకు పోదు. కాబట్టి సూరన్న తమ్ముడి సంతానం ఆవిడకు బంధువులే అయినా ఈ పరీక్షకు పనికిరారు. నూకమ్మకు అక్కగానీ చెల్లెలుగానీ ఉంటే, ఆమె కూతురు, ఆ కూతురి కూతురు, ఇలా ఆడవాళ్ల వరసనే దిగి వచ్చిన మనిషి కావాలి.

నేను మళ్లీ రికార్డు గదిలో కూర్చున్నాను. భూమి రికార్డుల్లో ఆడపేర్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జననాల రిజిస్టరులో చాలాచోట్ల 'ఆడశిశువు' అని రాసి, పక్కన తండ్రి పేరు రాశారు. పిల్ల పేరు లేదు. పెళ్లై వేరే ఊరు వెళ్లిపోయిన మనిషిని పట్టుకునే కాగితం మా కార్యాలయంలో ఒక్కటీ లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో, అందులోనూ నేను ఆడదాన్నై ఉండి, ఈ సంగతి నాకు తట్టలేదు.

ఇక అడిగి తెలుసుకోవడమే మిగిలింది. ఒక ఆదివారం పొన్నమండ వెళ్లాను. వెంకట్రావు గారికి డెబ్బై ఏళ్లు. అరుగు మీద కుర్చీ వేయించి, విషయమంతా విన్నారు.

"సూరన్న తాతగారికి మగపిల్లల్లేరండీ. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దామె మొగుడు పోయి పుట్టింటికొచ్చేసిందంట. తరవాత గోదాట్లో దూకేసిందని మా నాయనమ్మ చెప్పేదండీ. శవం మట్టుకు దొరకలేదంట. ఆ పేరు మా ఇళ్లల్లో మళ్లీ ఎవరికీ పెట్టలేదండీ."

ఆమె పేరేమిటని అడిగాను. "నూకమ్మేనండీ," అన్నారు.

చిన్నామె పేరు బంగారమ్మ అనీ, ఆమెను కాట్రేనికోన ఇచ్చారనీ ఆయనకు తెలుసు. అంతకుమించి తెలియదు.

కాట్రేనికోన వెళ్లాలంటే అమలాపురంలో బస్సు మారాలి. నాలుగు ఆదివారాలు తిరిగాను. నా అదృష్టం, బంగారమ్మ కూతురిని ఆ ఊళ్లోనే ఇచ్చారు. ఆ కూతురి కూతురు వీరమ్మ గారిని మేనమామకే ఇచ్చారు. మేనరికం కావడం వల్ల ఆవిడ ఊరు దాటలేదు. ఎనభై ఏళ్ల మనిషి, సన్నగా, చుట్ట తాగుతూ వీధి గుమ్మంలో కనిపించారు. బంగారమ్మ ఆవిడకు అమ్మమ్మ.

"మా అమ్మమ్మ బతికున్నన్నాళ్లూ కార్తీకంలో అక్క పేరు చెప్పి గోదాట్లో దీపం వదిలేదమ్మా," అన్నారు వీరమ్మ గారు. "మా అక్క నాతో చెప్పకుండా ఏదీ చేసేది కాదే, ఎలా దూకింది అనేది. ఆ మాటే అనుకుంటా పోయింది."

ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. కొడుకు సత్తిబాబు ఒప్పుకోలేదు. కొబ్బరికాయల వ్యాపారం చేస్తున్న అతను అంతకుముందు పదేళ్లు మస్కట్‌లో పనిచేసి వచ్చాడు.

"మేడమ్ గారూ, మీరంటే గౌరవమేనండీ. రేపు ఆ విదేశం ఆవిడొచ్చి ఆస్తిలో వాటా అంటే మేం ఎక్కడికెళ్లాలండీ?"

అతని భయంలో తప్పులేదు. రెవెన్యూ వాళ్లు ఇంటికి వచ్చారంటే ఎవరైనా ముందు భూమి గురించే అనుకుంటారు. ఇది ప్రభుత్వ పని కాదనీ, వద్దంటే ఇప్పుడే లేచి వెళ్లిపోతాననీ చెప్పాను. వాళ్ల భూమి సత్తిబాబు నాన్న సొంతంగా కొన్నది. నూకమ్మ వైపు నుంచి దాని మీద ఎవరికీ హక్కు రాదని కూడా చెప్పి, ఓడ పాసు నకలు అతని చేతిలో పెట్టాను.

అతను అది ఎక్కువసేపు చూశాడు. వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చ, నంబరు. అన్నీ వేలుతో తడుముతూ చదివాడు.

"నా పాస్‌పోర్టు లాగే ఉందండీ ఇది. ఏజెంటు ఏం చెప్పుంటాడో నాకు తెలుసండీ. నాకూ సూపర్‌వైజరు పనన్నాడు." నకలు తిరిగి నా చేతికిచ్చి, "సరేనండీ, అమ్మ ఇష్టం," అన్నాడు.

పరీక్ష కిట్టు 2007 ఏప్రిల్లో కొరియర్‌లో వచ్చింది. పరీక్షకు ముందు గంటసేపు ఏమీ తినకూడదు, తాగకూడదు. వీరమ్మ గారికి అన్నిటికంటే చుట్ట మానడమే కష్టమైంది. ఒప్పుదల పత్రం ఇంగ్లీషులో రెండు పేజీలుంటే తెలుగులో చదివి చెప్పి వేలిముద్ర తీసుకున్నాను. పోలిక కుదరకపోవచ్చునని, కుదరకపోతే ఈ కథంతా వేరే ఎవరిదో అవుతుందని ముందే చెప్పాను. తరువాత బ్రష్షుతో బుగ్గ లోపల ఒక నిమిషం రుద్దించి, గొట్టంలో పెట్టి పంపించాం.

రెండు నెలలకు సమాధానం వచ్చింది: నమూనా చదవడానికి పనికిరాలేదు. వయసు వల్లనో, మే నెల ఎండల్లో ప్రయాణం వల్లనో తెలియదు. సంస్థవారు ఇంకో కిట్టు పంపారు. ఆ సమయానికి వీరమ్మ గారు జ్వరంతో మంచాన ఉన్నారు. ఆవిణ్ణి మళ్లీ ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేక, ఇక వదిలేద్దామని సత్తిబాబుతో చెప్పడానికే వెళ్లాను.

"కొడుకులకి కూడా తల్లిది వస్తుందన్నారు కదండీ," అన్నాడతను.

"వస్తుంది."

"అయితే నాది తీసుకోండి."

అతని నమూనా వానలు మొదలయ్యాక పంపాం. అక్టోబరులో ఫలితం వచ్చింది. సావిత్రి గారిదీ సత్తిబాబుదీ తల్లి వరస ఒక్కటే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ పరీక్ష కాదు అంటే దాదాపు కాదనే అర్థం. అవును అంటే మాత్రం అక్కచెల్లెళ్ల పిల్లలే అని అర్థం కాదు. ఎన్నో తరాల వెనక ఒక తల్లి ఉన్నా అలాగే వస్తుంది. ఈ మాట సావిత్రి గారే ఈమెయిలులో రాశారు. ఊరి పేరు, తండ్రి పేరు, కనిపించకుండా పోయిన నూకమ్మ, కాట్రేనికోన వచ్చిన చెల్లెలు, వీటన్నిటి పక్కన పెడితేనే ఆ ఫలితానికి బలం. నేను ఆ కాగితాలన్నీ వరసగా పెట్టి రెండుసార్లు సరిచూసుకున్నాను. భూమి తగాదాలో ఈపాటి సాక్ష్యం ఉంటే ఉత్తర్వు రాసేదాన్నే.

2008 ఫిబ్రవరిలో సావిత్రి గారు వచ్చారు. నేనే వెంట వెళ్లాను. ఆవిడకు తెలుగు నాలుగు మాటలకు మించి రాదు. ఇటువాళ్ల మాటలు అటూ, అటువి ఇటూ నేను చెప్పాను. వీరమ్మ గారు కోలుకుని నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. ఏడుపులేమీ లేవు. ముందుగా వీరమ్మ గారు నూకమ్మ గురించి అడిగింది ఒక్కటే.

"ఆవిడకి పిల్లలెంతమందండీ?"

అయిదుగురని చెప్పాను. అక్కడే మళ్లీ పెళ్లి చేసుకుందని, ఒప్పందం గడువు తీరాక కూరగాయలు పండించి బజారులో అమ్మిందని, ముసలితనం వచ్చాకే పోయిందని సావిత్రి గారు చెబుతుంటే తెలుగులో చెప్పుకొచ్చాను. నూకమ్మ ఫొటో కూడా చూపించారు. వీరమ్మ గారు కళ్లజోడు తెప్పించుకుని చూశారు.

"అయితే దూకలేదన్నమాట," అన్నారు.

తరువాత ఆవిడే వేళ్ల మీద వరసలు లెక్క వేసి, "మీ అమ్మా నేనూ అక్కచెల్లెళ్లమవుతాం. నేను మీకు పిన్నినండీ," అన్నారు. సావిత్రి గారు పిన్ని అన్న మాటను రెండుమూడు సార్లు పలికి నేర్చుకున్నారు. సత్తిబాబు అక్కగారూ అని పిలిచి భోజనానికి లేవమన్నాడు. మర్నాడు పొన్నమండలో వెంకట్రావు గారింట్లో అందరూ కలిశారు. ఆ వేసవిలో వెంకట్రావు గారికి మునిమనవరాలు పుడితే నూకరత్నం అని పేరు పెట్టుకున్నారని తరువాత తెలిసింది.

నూకమ్మ చెల్లెలికైనా చెప్పకుండా ఎందుకు వెళ్లిందో, ఎవరు తీసుకెళ్లారో తెలియలేదు. దానికి కాగితమూ లేదు, పరీక్షా లేదు.

నా వరకు ఈ వ్యవహారం పనిలో ఒక మార్పు తెచ్చింది. ఎవరైనా చనిపోతే వారసులకు కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఇచ్చేది మా కార్యాలయమే. విచారణలో భార్య, కొడుకుల పేర్లు రాసి, పెళ్లైన కూతుళ్లను వదిలేయడం చాలా ఇళ్లలో అలవాటు. మేమూ గట్టిగా అడిగేవాళ్లం కాదు. ఆ ఏడాది నుంచి నా దగ్గరికి వచ్చిన ప్రతి ఫైలులోనూ కూతుళ్లు ఎందరు, పేర్లేమిటి, ఏ ఊరు ఇచ్చారు అని అడిగి రాయించి, ఆ తరువాతే సంతకం పెట్టాను. ఫైళ్లు ఆలస్యమవుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. 2013లో రిటైరయ్యేదాకా ఆ పద్ధతి మార్చలేదు.